కటికి దారిలో ముప్పై ఒక్కరం

మా కర్మాగారం ప్రధాన ద్వారం వద్ద ఒక బోర్డు ఉంది. ప్రమాదం లేకుండా గడిచిన రోజుల సంఖ్య దానిమీద ప్రతి ఉదయం మారుతుంది. షిఫ్టుకు వెళ్ళేవారందరూ ఒకసారి తల ఎత్తి ఆ అంకెను చూసి మరీ లోపలికి అడుగుపెడతారు. శిరస్త్రాణం, భద్రతా బూట్లు, లోపలికి వెళ్ళినవారి పేర్ల పట్టిక, ఇవన్నీ మాకు ఎవరూ చెప్పనక్కరలేని అలవాట్లు. అయితే షిఫ్టు ముగిసి ద్వారం దాటగానే ఆ అలవాట్లను కూడా అక్కడే వదిలి వస్తున్నామన్న సంగతి 2023 డిసెంబరులో ఒక ఆదివారం నాడు బొర్రా కొండల నడుమ మాకు తెలిసివచ్చింది. ఆ అనుభవాన్ని సహోద్యోగులతోను, వారి కుటుంబాలతోను పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

శీతకాలపు ఆదివారాలలో కుటుంబాలతో కలిసి కాలినడకన పల్లెపట్టులు, కొండదారులు చూసిరావడం మా మిత్రబృందానికి కొన్నేళ్ళుగా అలవాటు. ఆ రోజు మేము 31 మందిమి: ఉద్యోగులు 14 మంది, వారి జీవిత భాగస్వాములు 8 మంది, పిల్లలు 9 మంది. బొర్రా గుహల పరిసరాల నుండి కటికి జలపాతం వరకు నడిచి వెళ్ళి, మళ్ళీ నడిచి రావాలని సంకల్పం. అక్కడికి జీపులు లేకపోలేదు. కానీ జీపులో కూర్చున్నవానికి దారిలోని కుదుపులే గుర్తుంటాయి గాని దారి గుర్తుండదు.

విశాఖపట్నం నుండి తెల్లవారుజామున రెండు మినీ బస్సులలో బయలుదేరాము. శృంగవరపుకోటలో అల్పాహారం కానిచ్చి ఘాట్ రోడ్డు ఎక్కాము. మలుపు తిరిగిన కొద్దీ గాలి చల్లబడింది. కిటికీ అద్దాలపై మంచు పేరుకున్నది. రోడ్డు పక్కన వెదురు బొంగులో మాంసం కాల్చే పొయ్యిలు అప్పుడే రాజుకుంటున్నాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న బొర్రా గుహలను ఎరుగనివారు మన ప్రాంతంలో అరుదు. సున్నపురాతిని నీరు యుగాల తరబడి కరిగించి, చుక్కచుక్కగా మళ్ళీ పేర్చిన రూపాలవి. అక్కడ ప్రవహించే గోస్తనీ నదే దిగువన తాటిపూడి జలాశయాన్ని నింపి, విశాఖ ప్రజల దాహం తీర్చి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది.

ఆ కొండల మీదుగానే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం సాగుతుంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960వ దశకంలో నిర్మించిన మార్గం అది. ఏభైకి పైగా సొరంగాలను తొలిచి పట్టాలు వేసిన ఆ శ్రామికులను తలచుకోకుండా ఆ కొండలను చూడలేము. ఖనిజంతో నిండిన గూడ్సు బండి సొరంగంలోనుండి వెలువడుతుంటే పిల్లలు పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ‘పట్టాల వెంట నడవడం సులువు కదా’ అని ఒక కుర్రవాడు సలహా ఇచ్చాడు. మలుపు వద్ద బండి కనబడదు. సొరంగంలో పక్కకు తప్పుకునే చోటు ఉండదు. పట్టాల మీద నడక నేరం కూడా. ఈ మూడు మాటలూ చెప్పి అతనిని కాలిబాటకు మళ్ళించాము.

మా సన్నాహం చాలా పకడ్బందీగా ఉన్నదని ఆ ఉదయం మాకు గట్టి నమ్మకం. నెల ముందునుండి టౌన్‌షిప్‌లో ప్రతి సాయంత్రం గంటసేపు నడిచాము. కొత్త బూట్లు కొన్నవారు వాటిని ఆ నడకలలోనే కాలికి అలవాటు చేసుకున్నారు. ప్రయాణం రోజున మొదటిసారి తొడిగిన బూటు మూడో కిలోమీటరులోనే మడమను పొక్కిస్తుందని మాకు పాత అనుభవం. మనిషికి రెండు లీటర్ల నీరు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, టోపీ, ఒక జత అదనపు మేజోళ్ళు, టార్చిలైటు, చేతులు నిండా కప్పే చొక్కా ఉండాలన్నాము. మన్య ప్రాంతంలో మలేరియా ఉన్నది. పొదలలోని నల్లులవంటి సూక్ష్మ పురుగులవల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరమూ వస్తుంది. అందుచేత గడ్డిలో కూర్చోవలసివస్తే కింద దుప్పటి పరచుకోవాలని, తిరిగివచ్చిన రెండు మూడు వారాలలో జ్వరం వస్తే మన్యంలో నడిచివచ్చిన సంగతి వైద్యునికి తప్పక చెప్పాలని ముందే అనుకున్నాము.

వేళ లెక్క కూడా వేసుకున్నాము. స్కాట్లండుకు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఒకటి నేటికీ నడకగాళ్ళకు దారి చూపుతున్నది. ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, అది కాక ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరొక గంట. అది ఆరోగ్యవంతుడైన ఒంటరి నడకగాని లెక్క. పిల్లలు, పెద్దలు కలిసిన గుంపుకు దానిని రెట్టింపు చేసుకున్నా తప్పులేదు. మేము ఎంచుకున్న దారి రానుపోను సుమారు 10 కిలోమీటర్లు. నడకకు అయిదు గంటలు, భోజనానికి ఒక గంట చొప్పున ఉదయం తొమ్మిదిన్నరకు బయలుదేరితే మూడున్నరకు బస్సు వద్దకు చేరాలి. డిసెంబరులో అక్కడ అయిదు గంటల ఇరవై నిమిషాల ప్రాంతంలో సూర్యాస్తమయం. లోయలలో అంతకు ముందే నీడ కమ్ముతుంది. కనుక జలపాతం వద్ద ఎంత బాగున్నా ఒంటిగంటకు వెనుదిరగాలని నిశ్చయించాము.

ముందు నడిచేందుకు ఆ ఊరి గిరిజన యువకుడు ఒకరు కుదిరారు. అందరికన్నా వెనుక నడవడానికి మా విద్యుత్ విభాగంలోని యువ ఉద్యోగి ఒప్పుకున్నాడు. పిల్లలందరి మెడలో తలా ఒక ఈల వేశాము. ఆపద వస్తే నిమిషానికి ఆరుసార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదాలి అని నేర్పాము. పెద్దలకు కూడా ఈలలు తెచ్చాము కాని, ‘మేమేమైనా చిన్నపిల్లలమా?’ అని నవ్వి ఎవరూ తీసుకోలేదు. ఆ నవ్వులో మేమూ పాలుపంచుకున్నాము.

ఇక దారి అందం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎత్తుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపు తీగలు అల్లుకొని ఉండగా, వాటి నీడన కాఫీ మొక్కలు ఎర్రని పండ్లతో వంగి ఉన్నాయి. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పండ్లు గిరిజన రైతుల ఏడాది కష్టఫలం, కనుక ఒక్కటైనా కోయరాదని పిల్లలకు చెప్పాము. మెట్ట చేలలో వలిసె పూలు పసుపు ఆరబోసినట్లు పరచుకొని ఉన్నాయి. ఒక చిన్న గెడ్డ దాటవలసివచ్చింది. నాచు పట్టిన రాళ్ళపై గెంతవద్దని, నీటిలోనే అడుగువేసి కర్రతో లోతు చూసుకుంటూ దాటమని మా మార్గదర్శి చెప్పాడు. ఒకచోట ఆగి కొండ చరియ కేసి చూపించి, ‘అదిగో బాబూ, పెద్ద తేనెపట్లు. ఇక్కడ పొగ పెట్టకూడదు, రాయి విసరకూడదు, కేకలు వేయకూడదు’ అన్నాడు. అంతవరకు సరదాగా ఈల ఊదుతున్న పదేళ్ళ పాపను మేము గట్టిగానే మందలించాము. ఆ పాప చిన్నబుచ్చుకొని ఈలను గౌనులోపలికి తోసివేసింది.

జలపాతం వద్ద కాలం తెలియలేదు. నల్లని రాతి మీదినుండి తెల్లగా జారిపడే నీటిని చూస్తూ పులిహోర, పెరుగన్నం తిన్నాము. నీటి మడుగులలో లోతు పైకి తెలియదు కనుక ఎవరినీ దిగనివ్వలేదు. అంతవరకు బాగానే ఉన్నది. కాని ఒంటిగంటకు మార్గదర్శి లేచి నిలబడగా, ‘ఇంకొక ఫొటో, ఇంకొక పది నిమిషాలు’ అన్నది మేమే. బయలుదేరేసరికి ఒంటిగంట యాభై అయింది. పోయిన ఏభై నిమిషాలను నడకలో రాబట్టుకోవాలని తొందరపడటం మా రెండవ తప్పు. చురుకైనవారు ముందుకు సాగిపోయారు. ప్రథమ చికిత్స పెట్టె వారి వద్దనే ఉన్నది. దారిలో ఒక బాబుకు చీలమండ బెణికితే, వెనుక నడవవలసిన యువకుడు అతనిని ఎత్తుకొని ముందుకు వచ్చేశాడు. మంచి పనే చేశాడు. కాని వెనుక స్థానాన్ని ఎవరికీ అప్పగించలేదు. అప్పగించమని మేమూ అడగలేదు.

మూడుంబావుకు రెండు బాటలు చీలే చోట అందరమూ ఆగి లెక్కపెట్టుకున్నాము. ముప్పై మంది. మళ్ళీ లెక్కించాము. ముప్పైయే.

లేనిది ఎవరో తెలుసుకోవడానికి కూడా రెండు నిమిషాలు పట్టింది. యంత్ర విభాగంలో పనిచేస్తూ మరి మూడు నెలలలో పదవీ విరమణ చేయనున్న పెద్దాయన లేరు. ఆయన ఒంటరిగా వచ్చారు. అందరితోనూ కలిసి నడిచారు కనుక ఎవరికి వారు ఆయన మరొకరితో ఉన్నారనుకున్నారు. గుంపులో ఉన్న ధైర్యం ఎంత మోసకారిదో ఆ క్షణాన మాకు అర్థమైంది. ముప్పై మంది ఉన్నారు కాబట్టి ముప్పై మందీ చూస్తుంటారని ఎవరికి వారు అనుకున్నారు. చివరకు చూసినవారు ఒక్కరూ లేరు.

వెంటనే తలొక దిక్కుకూ పరుగెత్తబోయినవారిని మార్గదర్శి వారించాడు. ‘అందరూ అడవిలోకి పోతే నేను ఎంతమందిని వెతకాలి బాబూ?’ అన్నాడు. ఆ ఒక్క మాట మమ్మల్ని నిలబెట్టింది. పిల్లలను, స్త్రీలను, మరి ఆరుగురు పెద్దలను అక్కడే ఒకచోట కూర్చోబెట్టాము. ఫోను సంకేతం అందే మిట్టమీదికి ఇద్దరిని పంపి, బస్సు డ్రైవరుకు కబురు చేయమన్నాము. గంటలోగా మావద్దనుండి సమాచారం రాకపోతే 112కు ఫోను చేయాలని చెప్పాము. పెద్దాయనను చివరిసారి ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు చూశారని అడిగాము. గెడ్డ దాటిన తరువాత బూటు తాడు కట్టుకుంటూ కనిపించారని ఒకామె చెప్పారు. మార్గదర్శితో కలిసి మేము నలుగురము వెనుకకు బయలుదేరాము. బయలుదేరబోతూ ఆ పదేళ్ళ పాప వద్దకు వెళ్ళి ఈల అడిగాము. ఏమీ అనకుండా మెడలోనుండి తీసి ఇచ్చింది.

గెడ్డకు ఇవతల కాఫీ తోటలోకి దిగే సన్నని బాట ఒకటి ఉన్నది. ఉదయం మేము దానిని గమనించనే లేదు. తడిమట్టిలో బూటు అచ్చును చూసి మార్గదర్శి అటు తిరిగాడు. ఈల ఊదడం, ఊపిరి బిగబట్టి వినడం, మళ్ళీ ఊదడం, ఇలా సాగింది. సిల్వర్ ఓక్ నీడలు అప్పటికే తోటనంతా కప్పివేశాయి. తేనెపట్లు ఉన్న చరియ దూరంగా ఉండటం మా అదృష్టం. నాలుగు గంటలు దాటిన తరువాత, కాఫీ మొక్కల మధ్యనుండి ఒక తెల్ల టోపీ మెల్లగా పైకి లేచింది.

మేము దగ్గరకు చేరేసరికి పెద్దాయన చెట్టును పట్టుకొని నిలబడి ఉన్నారు. ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. మమ్మల్ని చూసి, ‘క్రేను వస్తున్నదా? తప్పుకుంటున్నాను, తప్పుకుంటున్నాను’ అన్నారు. క్రేను కింద నుండి తొలగమని సైగలు చేసే కార్మికుడు ఊదే ఈల అనుకున్నారాయన. ముప్పై అయిదేళ్ళుగా ఆ శబ్దం వినగానే లేచి పక్కకు జరగడం ఆయన శరీరానికి అలవాటు. ఆ అలవాటే ఆయనను లేపి మా కంటికి చూపింది.

ఆయనకు మధుమేహం ఉన్నదని మాలో ఇద్దరికి తెలుసు. చెమట, వణుకు, తికమక, ఇవి రక్తంలో చక్కెర పడిపోయిందనడానికి గుర్తులు. గ్లూకోజు పొడి ప్రథమ చికిత్స పెట్టెలో ఉన్నది, పెట్టె ముందు బృందంతో ఉన్నది. ఒక మిత్రుని ఫ్లాస్కులో అడుగున తియ్యని టీ మిగిలి ఉండటం వల్ల బతికిపోయాము. స్పృహలో ఉండి మింగగలుగుతున్నారని నిర్ధారించుకొని దానిని కొద్దికొద్దిగా తాగించాము. పదిహేను నిమిషాలకు ఆయన కళ్ళు తేటపడ్డాయి. మమ్మల్ని పేర్లతో పలకరించారు. మార్గదర్శి ఇచ్చిన రెండు అరటిపండ్లు తిన్నాక, ‘మీకందరికీ ఎంత శ్రమ కలిగించానో’ అని కంటతడి పెట్టారు. ఇటువంటి సమయంలో మనిషి స్పృహ తప్పి ఉంటే నోటిలో ఏమీ పోయరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108ను పిలవడమొక్కటే మార్గం.

అయిదుంబావుకు బస్సు వద్దకు చేరాము. దగ్గరలోని ఆసుపత్రిలో చూపించగా ప్రమాదం తప్పిందన్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో పాటలు లేవు. శృంగవరపుకోట దాటాక పెద్దాయనే అసలు సంగతి చెప్పారు. ఉదయం మాత్ర వేసుకున్నారు కాని, దారిలో మూత్రానికి బస్సు ఆపమని అడగవలసివస్తుందేమోనన్న మొహమాటంతో సగం టిఫినే తిని, నీరు కూడా తగ్గించారు. భోజనాల వేళ ఆకలి లేక రెండు ముద్దలు తిన్నారు. తిరుగుదారిలో కళ్ళు తిరుగుతున్నట్లు అనిపించింది. ‘ముందే ఆలస్యమైంది. నావల్ల ఇంకా ఆలస్యమవుతుందని చెప్పలేదు’ అన్నారు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఆలస్యం చేసింది మేము, భయపడింది ఆయన. బూట్లు, నీళ్ళు, టోపీలు, ఈలలు అన్నీ సమకూర్చుకున్న మేము, ‘నేను నడవలేను’ అని ఒక మనిషి సిగ్గుపడకుండా చెప్పగలిగే వాతావరణాన్ని మాత్రం సమకూర్చుకోలేదు. కర్మాగారంలో త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని దాచవద్దు, నివేదించండి అని ప్రతి ఏటా మార్చి 4న, జాతీయ భద్రతా దినోత్సవం నాడు ప్రతిజ్ఞ చేసేది మేమే. కనుక ఈ సంఘటనను కూడా అలాగే నివేదిస్తున్నాము. ఆ పెద్దాయన అనుమతితోనే రాస్తున్నాము.

అప్పటినుండి మా నడకల పద్ధతి మారింది. బయలుదేరే ముందు ఎవరికి ఏ జబ్బు ఉన్నది, ఏ మందు వాడుతున్నారు అన్నది బృందంలో ఒకరికి విడిగా చెప్పి ఉంచుతారు. మధుమేహం ఉన్నవారి జేబులోనే చక్కెర పొట్లం ఉంటుంది. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ముందు వరుసలో ఉంటారు, వారి వేగమే అందరి వేగం. ప్రథమ చికిత్స పెట్టె వెనుక నడిచేవారి వద్ద ఉంటుంది, ఎందుకంటే దాని అవసరం పడేవారు వెనుకబడతారే గాని ముందుకు పోరు. వెనుక మనిషి తన స్థానం విడవాలంటే షిఫ్టు మార్చుకున్నట్లు మరొకరికి నోటితో చెప్పి అప్పగించాలి. ప్రతి చీలిక వద్ద, ప్రతి గెడ్డ వద్ద తలల లెక్క. ఇద్దరిద్దరు జతలుగా ఏర్పడి, ఒకరి బాధ్యత ఒకరు వహిస్తారు. ఈలలు పెద్దల మెడలో కూడా ఉంటాయి. వెనుదిరుగు వేళ అయిందని మార్గదర్శి లేస్తే, మారుమాటాడకుండా అందరమూ లేస్తాము.

ఏ కాలంలో ఎక్కడికి వెళ్ళరాదో తెలుసుకోవడం కూడా సన్నాహంలో భాగమే. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో ఎండుగడ్డికి నిప్పంటుకొని, నడకకు వెళ్ళిన యువతీ యువకులు ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వేసవిలో గడ్డి కొండలు నడకకు తగవు. ఏ కాలంలోనైనా అటవీశాఖ అనుమతి లేని దారి మనది కాదు. ఏప్రిల్ నుండి తొలకరి వరకు పిడుగుల భయం. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్లకన్నా తక్కువ వ్యవధి ఉంటే మేఘం 10 కిలోమీటర్ల లోపున ఉన్నట్లే. వెంటనే పక్కా భవనంలోకో, తలుపులు మూసిన బస్సులోకో చేరాలి, చెట్టు కిందికి పోరాదు. చివరి ఉరుము వినబడిన తరువాత అరగంట వరకు కదలరాదు. ఇక పాముకాటు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటువల్ల ఏటా సగటున 58,000 మంది మరణించారని 2020లో వెలువడిన అధ్యయనం తేల్చింది. కరచినచోట కోయడం, పీల్చడం, బిగించి కట్టడం హానికరం. ఉంగరాలు, గడియారం తీసివేసి, కాటుపడిన అవయవాన్ని కదలనివ్వకుండా, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

మరుసటి ఏడాది జనవరిలో మళ్ళీ ఒక ఆదివారం నడకకు బయలుదేరాము. ఈసారి దూరం కాదు, పట్నానికి చేరువలోనే. పెద్దాయన వస్తారో రారో అని సందేహించాము. అందరికన్నా ముందే వచ్చి బస్సు వద్ద నిలబడి ఉన్నారు. చొక్కా జేబులో చక్కెర పొట్లం, మెడలో ఈల. పదేళ్ళ పాప ఆయనకు జతగా నడుస్తానని పట్టుబట్టింది. కిలోమీటరు నడిచామో లేదో, ఆయన నిలబడి, చేయి పైకెత్తి, ‘నేను అలసిపోయాను. అయిదు నిమిషాలు కూర్చుంటాను’ అని అందరికీ వినబడేటట్లు ప్రకటించారు. ఆయన పక్కనే మరి నలుగురు హమ్మయ్య అంటూ కూలబడ్డారు. వారూ అంతసేపూ చెప్పలేక నడుస్తున్నవారే.

ఆ సాయంత్రం బస్సు ఎక్కేముందు తలల లెక్క పెట్టింది ఆ పాపే. లెక్క సరిపోయింది.